పీడీ యాక్ట్ ఆర్డర్లు సుప్రీంకోర్టులో ఎందుకు పడిపోతున్నాయి? రాతలో తప్పా, అసలుకే తప్పా?

చిత్తుప్రతి:
తెలంగాణలో పీడీ యాక్ట్ (ప్రివెంటివ్ డిటెన్షన్, అంటే నేరం రుజువు కాకుండానే ముందుజాగ్రత్తగా మనిషిని జైల్లో ఉంచే 1986 నాటి 1వ నంబరు చట్టం) కింద ఇచ్చిన డిటెన్షన్ ఆర్డర్లను సుప్రీంకోర్టు కొట్టేస్తూనే ఉంది. 2021లో బంకా స్నేహ షీలా కేసు, 2022లో మల్లాడ శ్రీరామ్, 2023లో అమీనా బేగం, 2024లో నేనావత్ బుజ్జి. నాలుగింటిలోనూ హైకోర్టు ముందు పోలీసుల పక్షానే తీర్పిచ్చింది. 2022 తీర్పులో ఇంకో లెక్క ఉంది: అంతకుముందు ఒక్క ఏడాదిలోనే ఈ చట్టం కింది కనీసం 10 ఆర్డర్లను తెలంగాణ హైకోర్టే రద్దు చేసిందట. ఇన్నిసార్లు ఓడాక కూడా అవే ఆర్డర్లు, అవే మాటలు. కారణం ఏమంటారు?

స్టేషన్‌రైటర్:
రాతే కారణం. ఫైలు ఎలా తయారవుతుందో తెలిస్తే ఆశ్చర్యం ఉండదు. ప్రపోజల్ స్టేషన్‌లో పుడుతుంది, ఏసీపీ, డీసీపీల మీదుగా కమిషనర్ టేబుల్ మీదికి వెళ్తుంది. దానికి జతచేసేవి ఎఫ్ఐఆర్లు, పంచనామాలు, రిమాండ్ కేసు డైరీ, ఛార్జ్‌షీట్, బెయిల్ ఆర్డర్లు, అనువాదాలు. తప్పు జరిగేది ఈ కట్టలోనే.

ఒకటి, బెయిల్ ఆర్డర్ కాపీ పెడతారు గానీ అందులోని షరతులు గ్రౌండ్స్‌లో (డిటెన్షన్‌కు కారణాలు రాసిన పత్రంలో) ఎక్కడా కనబడవు. వారానికోసారి స్టేషన్‌కొచ్చి సంతకం పెట్టమని కోర్టు చెప్పింది. పెడుతున్నాడా, ఎగ్గొట్టాడా? ఒక్క వాక్యం రాయరు. రెండు, మనిషి జైల్లో ఉండగానే ఆర్డర్ ఇస్తే, జైల్లో ఉన్న సంగతి తెలుసని, బెయిల్ మీద బయటికొచ్చే అవకాశం నిజంగా ఉందని, వస్తే మళ్లీ అదే పని చేస్తాడని మూడూ ఆధారాలతో చూపాలి. ‘బెయిల్ పిటిషన్ వేసే అవకాశం ఉంది’ అని రాసి వదిలేస్తే చాలదు. మూడు, మూడో తరం జిరాక్స్. జప్తు పంచనామా మీద నల్లటి మచ్చ తప్ప అక్షరం ఉండదు. చదవలేని కాగితం మీద రిప్రజెంటేషన్ (ఆర్డర్ రద్దు చేయమనే విజ్ఞప్తి) ఎలా రాస్తాడని కోర్టు అడిగితే జవాబు లేదు. ఉర్దూ మాత్రమే వచ్చినవాడికి తెలుగు పంచనామా ఇచ్చినా అంతే.

సరిగ్గా రాస్తే నిలబడుతుంది. కాకినాడ కలెక్టర్ ఇచ్చిన ఆర్డర్ చూడండి, పెసల నూకరాజు కేసు, 2023 ఆగస్టు 16. నాటుసారా. శాంపిళ్లు ల్యాబ్‌కు పంపారు, తాగడానికి పనికిరాదని రిపోర్ట్ వచ్చింది, అది ప్రజల ఆరోగ్యానికి ప్రమాదమని గ్రౌండ్స్‌లో రాశారు. సుప్రీంకోర్టు ఆర్డర్‌ను నిలబెట్టింది. అదే చట్టం, అదే కోర్టు.

గోల్కొండ:
మంచిగ రాస్తే మంచిగ లోపలేస్తరన్నట్టు. శభాష్.

నల్లకోటు:
స్టేషన్‌రైటర్ గారు చెప్పినవన్నీ నిజమే. కానీ చిత్తుప్రతి గారు పైన చెప్పిన నాలుగు తీర్పులూ జిరాక్స్ కాపీ మీద పోలేదు. పోయింది ‘పబ్లిక్ ఆర్డర్’ దగ్గర.

లోహియా కేసులో 1965లోనే సుప్రీంకోర్టు మూడు వలయాలు గీసింది. బయటి పెద్ద వలయం శాంతిభద్రతలు, దాని లోపల పబ్లిక్ ఆర్డర్, అన్నిటికంటే లోపల దేశ భద్రత. ఇద్దరి మధ్య గొడవ, ఒకరిని మోసం చేయడం బయటి వలయంలోనే ఆగిపోతాయి. ఊరి మామూలు బతుకు చెదిరితేనే రెండోది. డిటెన్షన్‌కు కావాల్సింది ఆ రెండోది.

ఇప్పుడు 1986 చట్టంలో ‘గూండా’ అంటే ఎవరో చూడండి. ఐపీసీ 16, 17, 22 అధ్యాయాల కింది నేరాలు అలవాటుగా చేసేవాడు. చీటింగ్ 17వ అధ్యాయంలోనే ఉంది. అంటే చెక్కులు, చిట్టీలు, కమీషన్ల గొడవల్లో నాలుగైదు కేసులున్న మనిషి కాగితం మీద గూండా! స్నేహ షీలా కేసులో ఐదు ఎఫ్ఐఆర్లూ అలాంటివే, అన్నిట్లో ముందస్తు బెయిలో మామూలు బెయిలో ఉంది. సుప్రీంకోర్టు చెప్పిందేమిటంటే, బెయిల్ నచ్చకపోతే రద్దు కోరుతూ పిటిషన్ వేయండి, పై కోర్టుకు వెళ్లండి, అంతేగానీ డిటెన్షన్ కాదు అని. దీన్ని ఏ టైపిస్టు బాగుచేస్తాడు?

పాతఫైలు:
అసలు పాయింట్ ఎవరూ పట్టుకోలేదు. సెక్షన్ 3(2)లో ‘మూడు నెలలకు మించరాదు’ అని ఉంది. ఒకేసారి 12 నెలలకు ఇచ్చే ప్రతి ఆర్డర్ చెల్లదు. చెరుకూరి మణి కేసు, 2014. ఆంధ్రప్రదేశ్ మీదే వచ్చిన తీర్పు.

నల్లకోటు:
పాతఫైలు గారూ, ఆ తీర్పు ఇప్పుడు లేదు. పైన చెప్పిన నూకరాజు కేసులోనే ముగ్గురు జడ్జీలు దాన్ని తోసిపుచ్చారు. 3(2)లోని మూడు నెలలు ప్రభుత్వం కలెక్టర్‌కో కమిషనర్‌కో అధికారం అప్పగించే గడువు. మనిషిని ఉంచే గడువు కాదు. ఉంచే గడువు సెక్షన్ 13లో ఉంది, గరిష్ఠంగా 12 నెలలు.

పాతఫైలు:
తీర్పు మారితే సెక్షన్ మారుతుందా? అక్షరం అదే కదా.

నల్లకోటు:
అక్షరానికి అర్థం చెప్పేది ఎవరు మరి?

పాతఫైలు:
రాజ్యాంగం 22(4)లో కూడా మూడు నెలలే.

నల్లకోటు:
అది ఇంకో మూడు నెలలు. డిటెన్షన్‌కు తగిన కారణం ఉందో లేదో చూసే అడ్వైజరీ బోర్డు అభిప్రాయం లేకుండా మూడు నెలలు దాటి ఉంచకూడదని దానర్థం. 1978లో 44వ సవరణ దాన్ని రెండు నెలలకు తగ్గించింది గానీ ఆ భాగాన్ని ఇప్పటికీ అమల్లోకి తేలేదు. మీరు రెండు వేర్వేరు మూడు నెలల్ని ఒకే తాటికి కడుతున్నారు.

ఉలవచారు:
మూడు మూడ్ల తొమ్మిది. అయ్యేసరికి ఆయన బయటికొచ్చేస్తాడు.

చిత్తుప్రతి:
నవ్వొచ్చినా అసలు సంగతి అదే. గడువులు ఒకసారి వరసగా పెడతారా ఎవరైనా?

స్టేషన్‌రైటర్:
పట్టుకున్న రోజు నుంచి లెక్క. గ్రౌండ్స్ 5 రోజుల్లో చేతికి ఇవ్వాలి. కలెక్టరో కమిషనరో ఇచ్చిన ఆర్డర్‌కు 12 రోజుల్లో ప్రభుత్వ ఆమోదం రావాలి, ఇదొక్కటీ ఆర్డర్ తేదీ నుంచి. మూడు వారాల్లో ఫైలు అడ్వైజరీ బోర్డుకు. ఏడు వారాల్లో బోర్డు రిపోర్ట్. ఆ తర్వాత కన్ఫర్మేషన్ జీవో, అంటే డిటెన్షన్‌ను ఖాయం చేసే ప్రభుత్వ ఉత్తర్వు. ఏ గడువు ఒక్కరోజు దాటినా మిగతాది చూడకుండానే ఆర్డర్ పోతుంది. అందుకే గడువుల దగ్గర డిపార్ట్‌మెంట్ సాధారణంగా తప్పు చేయదు.

నల్లకోటు:
గడువులు తప్పరు, నిజమే. తప్పేది వాటి మధ్య జరగాల్సిన ఆలోచన. బోర్డులో ముగ్గురూ హైకోర్టు జడ్జీలుగా చేసినవాళ్లో, ఆ అర్హత ఉన్నవాళ్లో అయి ఉండాలి. అక్కడ లాయర్ను పెట్టుకునే హక్కు లేదు. సర్కారు తరఫున న్యాయ సలహాదారు కూర్చుంటే అవతలి మనిషికీ ఆ అవకాశం ఇవ్వాలని ఏ.కె. రాయ్ తీర్పు చెబుతుంది, అంతవరకే. నేనావత్ బుజ్జి తీర్పులో సుప్రీంకోర్టు బోర్డుల గురించే ప్రత్యేకంగా రాసింది: రబ్బరు స్టాంపులు కావద్దు, పబ్లిక్ ఆర్డర్ అనే పరీక్ష మీరూ పెట్టండి, కోర్టు దాకా రాకముందే ఆపండి అని. శాంతిభద్రతలు అదుపు చేయలేకపోవడం ఈ చట్టం వాడటానికి సాకు కాదని కూడా.

అమీనా బేగం తీర్పైతే డిటెన్షన్ ఆర్డర్‌ను ఎలా పరీక్షించాలో పది అంశాలుగా రాసిచ్చింది. అందులో ఒకటి, పాత సంఘటనకూ ఇప్పటి ఆర్డర్‌కూ మధ్య బతికున్న లంకె ఉండాలని. మన ఫైళ్లలో ఏముంటుంది? ఎప్పుడో జరిగిన కేసులు వరసగా రాసి, చివర ‘ఇవి నేపథ్యం కోసం మాత్రమే’ అని ఒక లైను. దొంగలు పడ్డ ఆర్నెల్లకు కుక్కలు మొరిగినట్టు.

గోల్కొండ:
గంత పాత కేసులు లేకుంటే ‘అలవాటుగా’ ఎట్ల చూపిస్తరు మరి? కొత్తవి ఒకటో రెండో ఉంటయి.

స్టేషన్‌రైటర్:
గోల్కొండ గారు నా మాటే అన్నారు. ‘హాబిచువల్’ అని చూపాలంటే పాతవి కావాలి, ‘లంకె’ చూపాలంటే పాతవి పనికిరావు. ఈ రెంటి మధ్య ఫైలు రాయాల్సింది స్టేషన్ స్థాయి మనిషి. కోర్టులో కూర్చుని చెప్పడం తేలిక.

మైలురాయి:
మా వీధిలో పోయినేడు గొలుసు తెంపినవాడు నాలుగో రోజుకే బయట తిరిగాడు. మా పక్కింటావిడ...

పాతఫైలు:
కథలొద్దు సార్. సెక్షన్ చెప్పండి.

నల్లకోటు:
మైలురాయి గారిని అనకండి, ఆయన చెప్పేది జనం భయం. దానికి చట్టంలో పనిముట్లున్నాయి. కొత్త క్రిమినల్ ప్రొసీజర్ చట్టం బీఎన్ఎస్ఎస్ 129 కింద బైండోవర్ చేయొచ్చు, అంటే మంచి నడవడికకు బాండ్ రాయించుకోవచ్చు, పాత సీఆర్పీసీ 110. బాండ్ రాసిచ్చాక మళ్లీ నేరం చేస్తే ఆ బాండ్ జప్తు చేయించొచ్చు. బెయిల్ షరతు తప్పితే 483(3) కింద రద్దు అడగొచ్చు. ఇవన్నీ చేసి, అయినా ఆగలేదని కాగితం మీద చూపిన పీడీ ఫైళ్లు ఎన్ని ఉంటాయి? మామూలు చట్టం సరిపోయే చోట డిటెన్షన్ చెల్లదని 2011 రేఖ తీర్పు ఉంది. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు, బెయిల్ రద్దు పిటిషన్ వేయరు, పీడీ మాత్రం పెడతారు.

స్టేషన్‌రైటర్:
మద్దెల సామెత మాకెందుకు? బెయిల్ రద్దు పిటిషన్ వేస్తే ఏమవుతుందో మీకు తెలీదా? నోటీసు, వాయిదా, కౌంటర్, మళ్లీ వాయిదా. ఈలోపు సాక్షి ఇంటి ముందు వాడు బైకు ఆపి నిలబడతాడు, ఒక్క మాట అనడు, ఊరికే నిలబడతాడు. మరుసటి వాయిదాకు సాక్షి ఎదురు తిరుగుతాడు. దాన్ని ఏ సెక్షన్ కింద రాయాలి? మీరు చెప్పే పనిముట్లు పుస్తకంలో పనిచేస్తాయి. మీ ఫీజు మాత్రం రెండువైపులా పనిచేస్తుంది.

నల్లకోటు:
ఫీజు దాకా వచ్చారా. సరే. సాక్షి ఇంటి ముందు బైకు ఆపి నిలబడ్డాడని గ్రౌండ్స్‌లో రాయండి! తేదీ, టైము, సాక్షి వాంగ్మూలం. అది బతికున్న లంకె. అది రాస్తే నేను కూడా ఒప్పుకుంటాను. కానీ మీ గ్రౌండ్స్‌లో అది ఉండదు. ఉండేది ‘ప్రజల్లో భయాందోళనలు’ అనే ఒకే పేరా. పేర్లు తీసేస్తే ఏ ఫైలు ఏదో చెప్పలేం.

స్టేషన్‌రైటర్:
సాక్షి వాంగ్మూలం రాస్తే ఆ కాపీ డిటెన్యూ (నిర్బంధంలో ఉన్న మనిషి) చేతికే ఇవ్వాలి కదా. సాక్షి పేరుతో సహా.

చిత్తుప్రతి:
ప్రజాప్రయోజనం దృష్ట్యా కొన్ని వాస్తవాలు బయటపెట్టకపోయే వెసులుబాటు రాజ్యాంగం 22(6)లో ఉంది కదా?

స్టేషన్‌రైటర్:
ఉంది. వాడితే ‘గ్రౌండ్స్ అస్పష్టం’ అని ఇంకో పిటిషన్ వస్తుంది.

నల్లకోటు:
అయితే దాచకుండా చెబుతాను. మనిద్దరి గొడవ రాత గురించి కాదు. కోర్టు బెయిలిచ్చింది తప్పని మీరనుకుంటున్నారు, ఆ తప్పును కమిషనర్ సంతకంతో సరిచేయొచ్చని కూడా. బెయిలిచ్చిన మేజిస్ట్రేట్ తప్పు చేసుండొచ్చు. కానీ ఆ తప్పు సరిదిద్దేది పై కోర్టు, కమిషనర్ కాదు. ఇక్కడ ఒప్పుకోకపోతే ఎంత బాగా రాసిన ఫైలైనా నాకు ఒకటే.

స్టేషన్‌రైటర్:
అవును, అలాగే అనుకుంటున్నాను. విచారణ ఏడాదిలో ముగిస్తే పీడీ ఫైలు ఒక్కటి కూడా కట్టాల్సిన పనిలేదు. ముగియదు. ఆ ఆలస్యం ఎవరో ఒకరు మొయ్యాలి. నిందితుడు మొయ్యాలా, వీధిలోవాళ్లా? మీరు వీధి అంటారు, నేను నిందితుడు అంటాను.

నల్లకోటు:
‘నిందితుడు’ అని మీరే అన్నారు, ‘దోషి’ అనలేదు. ఆలస్యం అటువైపూ ఉంది. అమీనా బేగం కేసులో ఆర్డర్ 2023 మార్చిలో, కొట్టేసింది సెప్టెంబర్ 4న. నేనావత్ బుజ్జి కేసులో ఆర్డర్ 2023 సెప్టెంబర్, తీర్పు 2024 మార్చి 22. గెలిచినవాళ్ల లెక్కే ఆర్నెల్లు. హైకోర్టు దగ్గరే ఆగిపోయినవాళ్లు, లాయర్ దొరకనివాళ్లు పన్నెండు నెలలూ చర్లపల్లిలోనో చంచల్‌గూడలోనో పూర్తి చేస్తారు. ఆ తర్వాత పిటిషన్‌కు పనే ఉండదు. చెల్లని ఆర్డర్‌తో మీకు కావాల్సిన ఫలితం వచ్చేసింది. ఓడినా గెలిచినట్టే కాబట్టే ఫైలు మారదు.

ఉలవచారు:
చిత్తుప్రతి గారి ప్రశ్నకు ఇదే జవాబు అనుకుంటా. నలభై పోస్టులు చదవక్కర్లేకుండా పోయేది.

పాతఫైలు:
మూడు నెలలకు ఒకసారి రివ్యూ ఉంటే ఈ గొడవే ఉండదు. అందుకే 3(2)...

గోల్కొండ:
అన్నా, ఇగ ఆపు.

వరండా:
మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. మా మనిషికి గ్రౌండ్స్ ఇచ్చారు, కట్టలో సగం కాగితాలు కనబడట్లేదు. జైల్లో సంతకం అడుగుతున్నారు. పెట్టాలా వద్దా?

నల్లకోటు:
సంతకం పెట్టించండి, కానీ పైన ఆయన చేత్తోనే రాయించండి: ఫలానా నంబర్ పేజీలు చదవడానికి వీల్లేవు, ఫలానా భాషలో అనువాదం ఇవ్వలేదు అని. తేదీ, టైము వేయాలి. కాపీ దొరక్కపోతే ఆ పేజీ నంబర్లు వేరే కాగితం మీద రాసుకోవాలి. ఆ తర్వాత రిప్రజెంటేషన్ ఒకటి కాదు, మూడు: ఆర్డర్ ఇచ్చిన అధికారికి, ప్రభుత్వానికి, అడ్వైజరీ బోర్డుకు. మూడూ జైలు సూపరింటెండెంట్ ద్వారా, ముద్ర వేసిన రసీదుతో. ఆర్డర్ ఇచ్చిన అధికారికి ఇచ్చేది ప్రభుత్వ ఆమోదం రాకముందే చేరాలి, అంటే ఆ 12 రోజుల్లోపు. ఆమోదం వచ్చాక దాన్ని చూసే అధికారం ఆయనకు ఉండదు. అలా ఆయనకూ రాసుకోవచ్చని గ్రౌండ్స్‌లో చెప్పారో లేదో చూడండి. చెప్పకపోతే అదే ఒక పాయింట్.

స్టేషన్‌రైటర్:
కనబడని పేజీల మంచి కాపీలు కావాలని రిప్రజెంటేషన్‌లోనే అడగండి. అడగకపోతే ‘అడగలేదు’ అని కౌంటర్‌లో రాస్తారు.

నల్లకోటు:
అవును. బోర్డు రిపోర్ట్ కోసం ఆగక్కర్లేదు కూడా, అక్రమ నిర్బంధం నుంచి విడిపించమని హైకోర్టులో హెబియస్ పిటిషన్ ఇప్పుడే వేయొచ్చు. ఆర్డర్ ఏ తేదీది?

వరండా:
నిన్నటికి ఎనిమిది రోజులు.

స్టేషన్‌రైటర్:
అయితే కమిషనర్‌కు ఇచ్చేది ఇవాళే ఇవ్వండి. సాయంత్రం కాకముందే.