144 హెర్ట్జ్ తెర మీద 95 ఫ్రేములు వస్తున్నా ఆట ఎందుకు కుదుపుగా కనిపిస్తోంది?

రాత్రిఆట:

అందరికీ నమస్కారం. ఇటీవల నా పాత 60 హెర్ట్జ్ మానిటర్ స్థానంలో 144 హెర్ట్జ్ మానిటర్ పెట్టుకున్నాను. నేను ఎక్కువగా ఆడేది విశాలమైన ఊళ్ళూ అడవులూ ఉన్న ఒక ఓపెన్ వరల్డ్ ఆట. పాత తెర మీద వి-సింక్ (ఫ్రేములను తెర మారే లయకు కట్టే సెట్టింగు) పెట్టి సెకనుకు 60 ఫ్రేముల దగ్గర ఆడేవాణ్ణి. కెమెరాను నెమ్మదిగా తిప్పినప్పుడు దృశ్యం ఎక్కడా తడబడకుండా కదిలేది. కొత్త తెర మీద అదే ఆట, అవే సెట్టింగులతో, సగటున 95 ఫ్రేములు ఇస్తోందని మూలన కనిపించే అంకె చెబుతోంది. అయినా కెమెరా తిప్పుతుంటే సన్నని కుదుపు తెలుస్తోంది. గుర్రం మీద ఊరిలోకి ప్రవేశించేటప్పుడైతే ఒక్కొక్కసారి దృశ్యం క్షణంపాటు ఆగి ముందుకు దూకుతోంది. ఫ్రేములను 60కి పరిమితం చేసి చూసినా పాత తెర మీద ఉన్నంత సాఫీగా లేదు. నాకు అంతుపట్టనిది ముఖ్యంగా ఇదే.

విండోస్ డిస్‌ప్లే సెట్టింగుల్లో 144 హెర్ట్జే ఎంచుకుని ఉంది. కార్డు ఎన్‌విడియాది, మానిటర్‌కు హెచ్‌డీఎంఐ కేబుల్ పెట్టాను, ర్యామ్ 16 జీబీ, ఒకే స్టిక్. మానిటర్ పెట్టె మీద ఫ్రీసింక్ అని రాసి ఉంది. మనిషి కన్ను 60 ఫ్రేములకు మించి గుర్తించలేదు కాబట్టి ఇదంతా నా భ్రమ అని ఒక మిత్రుడు అంటున్నాడు. గ్రాఫిక్స్ కార్డు మార్చమని మరొకరు చెబుతున్నారు. డబ్బు ఖర్చు పెట్టే ముందు అసలు కారణం ఏమిటో అర్థం చేసుకోవాలనుకుంటున్నాను.

తెరగణితం:

మీరు చూస్తున్నది భ్రమ కాదండి. మీరు చెప్పినదాంట్లో రెండు వేర్వేరు సమస్యలు కలిసి ఉన్నాయి. కెమెరా తిప్పినప్పటి సన్నని కుదుపు ఒకటి, ఊరి దగ్గర ఆగి దూకడం మరొకటి. మొదటిదాని గురించి నేను చెబుతాను.

60 హెర్ట్జ్ తెర ప్రతి 16.67 మిల్లీసెకన్లకు ఒకసారి బొమ్మను మారుస్తుంది, ఆ ఒక్కో మార్పునే రిఫ్రెష్ అంటారు. ఆట కూడా తడబాటు లేకుండా 60 ఫ్రేములు ఇస్తే ప్రతి ఫ్రేమూ సరిగ్గా ఒక రిఫ్రెష్ పాటు కనిపిస్తుంది. 144 హెర్ట్జ్ తెరకు ఈ వ్యవధి 6.94 మిల్లీసెకన్లు. సగటున 95 ఫ్రేములంటే ఒక్కో ఫ్రేము సుమారు 10.5 మిల్లీసెకన్లకు తయారవుతోందన్న మాట. వి-సింక్ ఉన్నప్పుడు ఒక రిఫ్రెష్ మధ్యలో బొమ్మ మారదు కాబట్టి కొన్ని ఫ్రేములు 6.94 మిల్లీసెకన్ల పాటు, కొన్ని దానికి రెట్టింపు, అంటే 13.89 మిల్లీసెకన్ల పాటు నిలుస్తాయి. ఆటలో కెమెరా సమానమైన అడుగులు వేస్తూ తిరుగుతున్నా, తెర ఆ అడుగులను పొడుగూ పొట్టీగా చూపిస్తుంది. సంఖ్య పెరిగింది, లయ పోయింది. వి-సింక్ తీసేస్తే ఈ ఎదురుచూపు ఉండదు గానీ పై సగంలో ఒక ఫ్రేము, కింది సగంలో మరో ఫ్రేము కనబడి బొమ్మ అడ్డంగా చిరిగినట్టు ఉంటుంది.

మీకు అంతుపట్టని 60 పరిమితికీ ఇదే లెక్క వర్తిస్తుంది. 144ను 60తో భాగిస్తే 2.4 వస్తుంది. తెర ఒక ఫ్రేమును 2.4 రిఫ్రెష్‌ల పాటు చూపించలేదు కాబట్టి కొన్నింటిని 2 రిఫ్రెష్‌లు, కొన్నింటిని 3 రిఫ్రెష్‌లు నిలుపుతుంది, అంటే 13.9, 20.8 మిల్లీసెకన్లు కలగలిసి వస్తాయి. అందువల్ల వి-సింక్ ఉంచి ఫ్రేములను 72కి పరిమితం చేసి చూడండి, అప్పుడు ప్రతి ఫ్రేమూ సరిగ్గా 2 రిఫ్రెష్‌ల పాటు ఉంటుంది. లేదా మానిటర్‌ను 120 హెర్ట్జ్‌లో పెట్టి 60 ఫ్రేములతో ఆడండి. 120ని 60, 40, 30, 24 అన్నీ శేషం లేకుండా భాగిస్తాయి కాబట్టి ఆ రేటంటే నాకు ప్రత్యేకమైన ఇష్టం. 120 హెర్ట్జ్ టీవీలున్నవారి కోసం కొన్ని కన్సోల్ ఆటలు 40 ఫ్రేముల మోడ్ ఇవ్వడానికి కారణం కూడా ఇదే: 40 ఫ్రేములంటే ఒక్కొక్కటి 25 మిల్లీసెకన్లు, అది 33.3కీ 16.7కీ సరిగ్గా మధ్యన ఉంటుంది.

నిలకడ:

రెండో సమస్య గురించి నేను రాస్తాను. సగటు అంకెను నమ్మకండి. ఒక సెకనులో 94 ఫ్రేములు ఒక్కొక్కటి 10.2 మిల్లీసెకన్లలో వచ్చి, మిగిలిన ఒక్క ఫ్రేము 40 మిల్లీసెకన్లు తీసుకున్నా ఆ సెకనుకు లెక్క 95 ఫ్రేములే అవుతుంది. అంకెలో ఏ లోపమూ కనబడదు, కంటికి మాత్రం ఆ ఒక్క ఫ్రేమే గుర్తుండిపోతుంది. అందుకే ఫ్రేమ్ రేటు కాకుండా ఫ్రేమ్ టైమ్ గ్రాఫును చూడాలి. ఆర్‌టీఎస్‌ఎస్ గానీ ప్రెజెంట్‌మాన్ గానీ, ఫ్రేములను కొలిచే ఇలాంటి ప్రోగ్రాము పెట్టుకుంటే ఆడుతుండగానే ఆ గీత కనిపిస్తుంది. చదునుగా సాగే గీత మధ్యలో శూలంలా పైకి లేచిన చోటల్లా మీరు చూసిన కుదుపు ఉంటుంది.

ఊరిలోకి వెళ్ళినప్పుడే ఇలా జరగడం ప్రాసెసర్ వైపు అనుమానం కలిగిస్తోంది. అక్కడ మనుషులు, నీడలు, కొత్త టెక్స్‌చర్లు (వస్తువుల ఉపరితలాల బొమ్మలు) ఒక్కసారిగా మెమరీలోకి రావాలి. ఆ సమయంలో గ్రాఫిక్స్ కార్డు వినియోగం 95 శాతానికి బాగా కిందికి పడిపోతుంటే కార్డు ఖాళీగా ఎదురుచూస్తున్నట్టే. కార్డు మార్చి ప్రయోజనం ఉండదు. ఒకే స్టిక్ ర్యామ్ ఉంటే మెమరీ ఒకే ఛానెల్‌లో పనిచేస్తుంది, సైద్ధాంతికంగా సగం బ్యాండ్‌విడ్త్ (డేటాను మోసే సామర్థ్యం) వృథా అవుతుంది. దాని దెబ్బ సగటు మీద కంటే ఇలాంటి నెమ్మది ఫ్రేముల మీదే ఎక్కువగా కనిపిస్తుంది.

మరొక పరీక్ష కూడా చేయండి. అదే ఊరికి అదే దారిలో మళ్ళీ వెళ్ళండి. మొదటిసారి మాత్రమే ఆగి, తరువాత ఆగకపోతే అది షేడర్లు (రంగులను, వెలుగునీడలను లెక్కించే చిన్న ప్రోగ్రాములు) అప్పటికప్పుడు కార్డుకు తగ్గట్టు కంపైల్ కావడం వల్ల వచ్చిన కుదుపు. డ్రైవర్‌ను అప్‌డేట్ చేసిన తరువాత అది మళ్ళీ రావచ్చు. ప్రతిసారీ ఆగితే ర్యామ్, ప్రాసెసర్ సంగతి చూడాలి.

చుక్కలవాడు:

తెరగణితం గారి లెక్క సరైనదే గానీ, 72కి కట్టేయమన్న సలహాను నేను చివరి మార్గంగానే భావిస్తాను. మీ కార్డు 95 ఫ్రేములు ఇవ్వగలుగుతున్నప్పుడు తెరకు తగ్గట్టు దాన్ని కుదించడం కంటే తెరనే ఫ్రేముల కోసం ఆగేలా చేయడం మేలు. వేరియబుల్ రిఫ్రెష్ రేటు చేసే పని అదే. 2013లో ఎన్‌విడియా జి-సింక్‌ను ప్రకటించింది, 2014లో తెరల ప్రమాణాలు రూపొందించే వీసా (VESA) సంస్థ అడాప్టివ్-సింక్‌ను డిస్‌ప్లేపోర్ట్ ప్రమాణంలో చేర్చింది, ఏఎండీ ఫ్రీసింక్ దాని మీదే నిలబడింది. 2019 జనవరి నుంచి ఎన్‌విడియా కార్డులు కూడా అడాప్టివ్-సింక్ మానిటర్లతో పనిచేస్తున్నాయి. అయితే హెచ్‌డీఎంఐ 2.1 లేని మానిటర్లలో ఎన్‌విడియా కార్డుకు ఈ సౌకర్యం డిస్‌ప్లేపోర్ట్ ద్వారానే అందుతుంది. మీరు హెచ్‌డీఎంఐ వాడుతున్నామని రాసిన వాక్యం దగ్గరే నా చూపు ఆగింది. ముందు కేబుల్ మార్చి, మానిటర్ మెనూలో ఫ్రీసింక్‌ను, ఎన్‌విడియా కంట్రోల్ ప్యానెల్‌లో జి-సింక్‌ను ఆన్ చేయండి. ఫ్రేములు 144ను తాకితే తెర మళ్ళీ పాత పద్ధతికి వెళ్తుంది కాబట్టి పరిమితిని 140 దగ్గర ఉంచండి.

ఇక మీ మిత్రుడి మాట. సినిమా 24 ఫ్రేములతో సరిపోతోంది కదా అనే వాదన నుంచి అది పుడుతుంది. సినిమా కెమెరా షట్టర్ మామూలుగా సెకనులో 48వ వంతు తెరుచుకుని ఉంటుంది, ఆ కాసేపటి కదలిక అంతా ఒకే ఫ్రేములో మసకగా పడి పక్క ఫ్రేముతో కలిసిపోతుంది. ఆటలోని ఫ్రేము కదలికను ఒక క్షణంలో గడ్డకట్టించిన బొమ్మ. పైగా మౌస్ మన చేతిలో ఉంది, ఆలస్యం చేతికీ తెలుస్తుంది. ఎల్‌సీడీ తెర విషయంలో ఇంకో సంగతి ఉంది. అది ఒక ఫ్రేమును తరువాతి ఫ్రేము వచ్చేదాకా కదలకుండా పట్టుకుంటుంది, మన కన్ను మాత్రం కదిలే వస్తువు వెంట ఆగకుండా జరుగుతూ ఉంటుంది. సెకనుకు 960 పిక్సెళ్ళ వేగంతో పోయే వస్తువును కన్ను వెంబడిస్తే 60 హెర్ట్జ్ దగ్గర సుమారు 16 పిక్సెళ్ళ మసక, 120 హెర్ట్జ్ దగ్గర 120 ఫ్రేములు వస్తే 8 పిక్సెళ్ళ మసక కనిపిస్తుంది. పరుగెత్తుతున్న గుర్రం పక్కన బోర్డు మీది అక్షరాలు చదవగలగడానికీ చదవలేకపోవడానికీ మధ్య తేడా అంతే ఉంటుంది. పాత సీఆర్‌టీ తెర మీద ప్రతి బిందువూ కొద్దిసేపే వెలిగి ఆరిపోయేది, కాబట్టి తక్కువ రేటులోనూ కదలిక అంత స్పష్టంగా ఉండేది.

రాత్రిఆట:

ముగ్గురికీ ధన్యవాదాలు. డిస్‌ప్లేపోర్ట్ కేబుల్ పెట్టగానే కంట్రోల్ ప్యానెల్‌లో ఇంతకుముందు లేని జి-సింక్ వరుస ప్రత్యక్షమైంది. పరిమితి 140 పెట్టాను. కెమెరా తిప్పినప్పటి కుదుపు పూర్తిగా పోయింది, 80 నుంచి 100 మధ్య అంకె ఊగుతున్నా కంటికి తెలియడం లేదు. ఊరి దగ్గర మాత్రం ప్రతిసారీ ఆగుతూనే ఉంది. గ్రాఫులో గీత 45 మిల్లీసెకన్ల దాకా లేస్తోంది, అప్పుడు కార్డు వినియోగం 60 శాతానికి పడుతోంది. వేరియబుల్ రిఫ్రెష్ దీన్ని ఎందుకు సరిచేయలేకపోయింది?

నిలకడ:

ఫ్రేము ఆలస్యంగా తయారైతే తెర దాని కోసం ఆగగలదు, ఆ ఆలస్యాన్ని మాత్రం మాయం చేయలేదు. 10 మిల్లీసెకన్ల ఫ్రేముల మధ్య వచ్చిన 45 మిల్లీసెకన్ల ఫ్రేము ఎంత మంచి మానిటర్‌లోనైనా కుదుపే. ఫ్రేమ్ జనరేషన్ ఆన్ చేయమని ఎవరైనా చెప్పవచ్చు. మధ్య ఫ్రేములను పుట్టించి అంకెను పెంచడమే తప్ప ప్రాసెసర్ చిక్కుకుపోయిన చోటును అది విడిపించలేదు.

మీ కొలతలను బట్టి కార్డు జోలికి వెళ్ళవద్దు. మొదట ఆటలో జనసాంద్రత, దూరదృశ్యం సెట్టింగులను ఒక మెట్టు తగ్గించి అదే దారిలో గ్రాఫును చూడండి. గీత కొంత దిగితే కారణం ఖాయమైనట్టే, అప్పుడు వేగమూ టైమింగులూ కలిసే రెండో ర్యామ్ స్టిక్ కొనండి. నాలుగు స్లాట్లున్న మదర్‌బోర్డు అయితే చాలావరకు ప్రాసెసర్ నుంచి లెక్కపెట్టి రెండు, నాలుగు స్లాట్లలో పెట్టాలి, మీ బోర్డు మాన్యువల్‌లో ఆ బొమ్మ ఉంటుంది. పెట్టిన తరువాత బయాస్‌లో (మదర్‌బోర్డు సెట్టింగుల మెనూలో) ఎక్స్‌ఎంపీ ప్రొఫైల్, అంటే ర్యామ్‌ను దాని మీద రాసిన వేగంతో నడిపే సెట్టింగు, ఆన్‌లో ఉందో లేదో చూసి, కొత్త గ్రాఫును పాతదాని పక్కన ఇక్కడ పెట్టండి.