డెబ్బై దాటాక కారు ఇన్సూరెన్స్: ఏ కవర్ ఉంచాలి, ఏది తీసేయొచ్చు?

మెల్లగా_మూడోగేరు:
వయసు 71. కారుకి 8 ఏళ్లు, అప్పు లేదు. పగటిపూటే నడుపుతాను, ఏడాదికి 4,000 కిలోమీటర్లు దాటదు. 6 ఏళ్లుగా క్లెయిమ్ లేదు. రెన్యువల్‌కి 3 వారాల టైముంది. పాత కారే కాబట్టి థర్డ్ పార్టీ (ఎదుటివాళ్లకి జరిగే నష్టానికి కవర్) ఒక్కటే ఉంచి మిగతావి తీసేయాలా, లేక ఫుల్ పాలసీయే కొనసాగించాలా? డిడక్టిబుల్ (క్లెయిమ్‌లో నా జేబులోంచి భరించే భాగం) ఎంత పెట్టుకోవాలి? వయసు వల్ల ప్రత్యేకంగా చూసుకోవాల్సినవి ఏమైనా ఉన్నాయా?

లెక్కల_పుస్తకం:
కారు వయసు చూసి కాదండీ, లెక్క చూసి తేల్చాలి. పాలసీలో రాసిన కారు విలువ 100 అనుకోండి. డిడక్టిబుల్ 5. కారు పూర్తిగా పోయినా చేతికొచ్చేది 95. సొంత డ్యామేజీ (మన కారుకే జరిగే నష్టం) భాగానికి కట్టే ప్రీమియం ఏడాదికి 4 అయితే ఆ 95లో 4 శాతమే, ఉంచుకోవచ్చు. అదే కారు విలువ 40కి పడిపోయి ప్రీమియం 4 దగ్గరే ఉంటే? వచ్చేది 35, కట్టేది అందులో 11 శాతం పైన. 10 శాతం దాటితే తీసేయడం గురించి ఆలోచించాలన్నది ఒక మోటు లెక్క. మోటు అని ఎందుకన్నానంటే, రేపు కారు పోతే చేతి డబ్బుతో ఇంకోటి కొనగలరా లేదా అన్నది ఈ లెక్కలో కనిపించదు. కొనలేకపోతే 12 శాతమైనా ఉంచుకోవడమే మేలు.

ప్రీమియం రసీదులో థర్డ్ పార్టీకి ఎంత, సొంత డ్యామేజీకి ఎంత అని విడివిడిగా ఉంటుంది. మొత్తం అంకెతో ఈ లెక్క వేయకండి, తప్పు వస్తుంది.

డిడక్టిబుల్‌ది ఇంకా తేలిక. 5 నుంచి 10కి పెంచితే ప్రీమియంలో ఏడాదికి 1 తగ్గుతుందంటే 5 ఏళ్లు క్లెయిమ్ లేకపోతే గిట్టుబాటు. తగ్గేది 0.3 మాత్రమే అయితే దాదాపు 17 ఏళ్లు పడుతుంది, పెంచడం దండగ. రెండు కొటేషన్లూ తెప్పించుకుని తేడా చూడండి.

సొట్టల_సర్వేయరు:
పై లెక్కతో పేచీ లేదు గానీ, పెద్దవాళ్ల క్లెయిముల్లో మామూలుగా కనిపించేది పార్కింగ్‌లో బంపరు గీతలు, రివర్సులో తలుపు సొట్టలు. వీటిలో చాలావరకు క్లెయిమ్ చేయకపోవడమే లాభం. పై లెక్కలతోనే చూడండి: బిల్లు 8, డిడక్టిబుల్ 5, మీకొచ్చేది 3. ఇప్పుడు 50 శాతం నో క్లెయిమ్ తగ్గింపు (క్లెయిమ్ చేయని ఏళ్లకి ప్రీమియంలో ఇచ్చేది) మీద 4 కడుతున్నారు, అసలు ప్రీమియం 8. తగ్గింపు మొత్తం పోతే వచ్చే ఏడాదే అదనంగా 4 కట్టాలి. 3 కోసం 4 పోయింది. కొన్ని పాలసీల్లో తగ్గింపు మెట్టు మెట్టుగా పడుతుంది, కొన్నిట్లో ఒక్క క్లెయిమ్‌తోనే సున్నా. మీది ఏదో ముందే అడగండి.

పాత కార్లకి ఇంకో చిక్కు. బంపరు ప్లాస్టిక్, రబ్బరు బీడింగు, బ్యాటరీ లాంటివి మారిస్తే తరుగుదల కోసేస్తారు. జీరో డిప్ అనే అదనపు కవర్ ఉంటే కోయరు, కానీ చాలా కంపెనీలు దాన్ని కొత్త కార్లకే ఇస్తాయి. అద్దం కవర్ విషయం వేరు: ముందు అద్దం వెనక కెమెరా ఉన్న కారైతే అద్దం మార్చిన ప్రతిసారీ కాలిబ్రేషన్ (కెమెరాని మళ్లీ సరిచేయడం) చేయాల్సి రావచ్చు. ఆ ఖర్చు కూడా కలుస్తుందా అని రాతపూర్వకంగా తెప్పించుకోండి.

తక్కువ తిరిగే కారుకి అసలు శత్రువు ఎలుక. నెలల తరబడి నిలిపితే బానెట్ కింద వైరింగు కొరికేస్తుంది. సొట్టలా పైకి కనిపించదు: ఒకరోజు ఏదో వార్నింగ్ లైటు వెలుగుతుంది, ఇంకో రోజు స్టార్టే కాదు. ఎలుక నష్టం కలుస్తుందో లేదో మినహాయింపుల పేజీలో వెతకండి.

షెడ్యూల్_పేజీ:
అందరూ సొంత కారు దగ్గరే ఆగిపోయారు. ఈ వయసులో అసలు డబ్బు పోయేది రెండు చోట్ల.

ఒకటి, ఎదుటివాళ్ల ఆస్తి నష్టం. బ్రేకనుకుని యాక్సిలరేటర్ తొక్కడమనే పొరపాటు ఎవరికైనా జరుగుతుంది, వయసు పెరిగేకొద్దీ ఇంకాస్త ఎక్కువ. కారు పార్కింగ్‌లోంచి కదిలి దుకాణం అద్దంలోకో, వరసగా ఆగున్న రెండు కార్ల మీదికో వెళ్తుంది. వేగం తక్కువైనా బిల్లు పెద్దది. చాలా పాలసీల్లో ఆస్తి నష్టం పరిమితి, గాయాల పరిమితి కంటే బాగా తక్కువ ఉంటుంది. అది దాటిన ప్రతి పైసా మీ సొంత జేబులోంచే. పరిమితి పెంచడానికి అయ్యే అదనపు ప్రీమియం మామూలుగా కొంచెమే. సొంత డ్యామేజీ తీసేస్తే మిగిలే డబ్బు ముందు ఇక్కడ పెట్టండి.

రెండు, మీ శరీరం. తప్పు మీదైతే థర్డ్ పార్టీ మీ ఆసుపత్రి బిల్లు కట్టదు. ఎముకలు పలచబడ్డ వయసులో చిన్న గుద్దుకే సీటు బెల్టు ఒత్తిడికి పక్కటెముకలు విరగొచ్చు. (అలాగని బెల్టు మానేయకండి, లేకపోతే తలకీ, ఛాతీకీ ఇంకా పెద్ద దెబ్బ తగులుతుంది.) డ్రైవరు ప్రమాద కవర్ ఉంచండి, అందులో గరిష్ఠ వయసు నిబంధన చదవండి. కొన్నిట్లో ఫలానా వయసు దాటితే పరిహారం తగ్గుతుంది, లేదా కవరే ఆగుతుంది. ప్రీమియం మాత్రం కోసుకుంటూ ఉండొచ్చు.

క్లెయిమ్ కొట్టేయడానికి దొరికే సాకులు కూడా చూసుకోండి. లైసెన్సు గడువు ముందు చూడండి: వయసు పెరిగేకొద్దీ చాలా చోట్ల తక్కువ కాలానికే రెన్యువల్ చేస్తారు, మర్చిపోవడం తేలిక. పగలు మాత్రమే, అద్దాలతో మాత్రమే అని లైసెన్సులో షరతు ఉంటే అది దాటినప్పుడు జరిగిన ప్రమాదం గొడవవుతుంది. మూర్ఛ, పక్షవాతం, ఇన్సులిన్ వాడకం లాంటివి ఫారంలో అడిగితే దాచకండి. ప్రీమియం తగ్గుతుందని పిల్లల పేరు మెయిన్ డ్రైవరుగా రాసి మీరే నడపడం అన్నిటికంటే ప్రమాదం. తప్పుడు సమాచారం కింద పాలసీయే రద్దు చేయొచ్చు.

మెల్లగా_మూడోగేరు:
పాలసీ షెడ్యూల్ (కవర్లు, పరిమితులు రాసిన పేజీ) తీసి చూశాను. సొంత డ్యామేజీ 6 శాతమే వస్తోంది, కాబట్టి ఉంచుతాను. ఆస్తి నష్టం పరిమితి నిజంగానే చిన్న అంకె, పెంచమని అడుగుతా. ఏజెంటు కిలోమీటర్ల లెక్కన కట్టే పాలసీ కూడా చెబుతున్నాడు. 4,000కి పనికొస్తుందా?

లెక్కల_పుస్తకం:
పనికొస్తుందండీ. 4,000 తిరిగితే 5,000 స్లాబు తీసుకోండి, సరిగ్గా 4,000ది వద్దు. పాలసీ మొదలైన రోజున ఓడోమీటరు ఫొటో తీసి పెట్టుకోండి. పరిమితి దాటితే ఏమవుతుందో అడగండి: కొందరు అదనపు కిలోమీటర్లు మధ్యలో కొనుక్కోనిస్తారు, కొందరి దగ్గర అప్పటి నుంచి సొంత డ్యామేజీ ఆగిపోతుంది. ఫోన్ యాప్‌తో కొలిచే రకమైతే ఇంకొకరి కారులో పక్క సీట్లో కూర్చున్న ప్రయాణం కూడా మీ ఖాతాలో పడొచ్చు. వారానికోసారి యాప్ తెరిచి అలాంటివి ‘ప్రయాణికుడు’ అని మార్చండి.