అప్‌డేట్: ఎంయూ-ఎక్స్‌తో క్యారవాన్ లాగితే డీజిల్ ఎంత తాగుతోందంటే

2,200 కిలోల క్యారవాన్‌ని (బండి వెనక తగిలించుకుని లాక్కెళ్లే చక్రాల ఇల్లు) లాగడానికి ఇసుజు ఎంయూ-ఎక్స్ 3.0 డీజిల్ ఎస్‌యూవీ సరిపోతుందా, మైలేజీ ఎంతొస్తుంది, నమ్మొచ్చా అని ఆమధ్య ఇక్కడ అడిగాను. ఆ బండే తీసుకున్నాం. ఆస్ట్రేలియాలో మెల్‌బోర్న్ నుంచి అడిలైడ్ వెళ్లొచ్చాం కూడా.

క్యారవాన్ లేకుండా హైవే మీద వంద కిలోమీటర్లకి 8 లీటర్ల చిల్లర. తగిలించాక 15, 16. బకస్ మార్ష్ దాటాక పెంట్‌లాండ్ హిల్స్ ఎక్కేటప్పుడు గేరు దించుకుని మూలుగుతూ ఎక్కింది గానీ టెంపరేచర్ ముల్లు కదల్లేదు. అసలు డీజిల్ తాగింది ఎక్కడనుకున్నారు? హార్షమ్ దాటాక చదును రోడ్డు మీద, ఎదురుగాలికి! 18 దాకా పోయింది. స్పీడు 100 నుంచి 90కి తగ్గిస్తే మళ్లీ దారికొచ్చింది. బరువు కన్నా గాలే ఖరీదు.

నమ్మకం సంగతంటారా, ఇప్పటిదాకా ఏ పేచీ లేదు. డీపీఎఫ్ (పొగలోని మసిని పట్టే ఫిల్టర్) మూసుకుపోతుందని భయపెట్టారు గానీ, లాంగ్ డ్రైవ్‌లో మసి దానంతటదే కాలిపోతుంది. పిల్లల్ని స్కూల్లో దింపడం లాంటి దగ్గర దూరాలకే వాడితే మసి కాలేంత వేడెక్కదు, వాళ్లే జాగ్రత్తపడాలి.

ఒక్కటి చూసుకోండి: టోయింగ్ (వెనక లాగగల బరువు) 3,500 కిలోలని రాసినా, బండీ క్యారవానూ సామానూ మనుషులూ అంతా కలిపి 5,900 కిలోలు దాటకూడదు. మా ఆవిడ బియ్యం మూట కూడా అందులోకే వస్తుంది.