సమస్య: ఆరు పడినవాడె యాట నోడె

నిర్వాహకుడు (విజయనగరం): ఆటవెలది చివరి పాదం ఇచ్చాను, ముందరి మూడు పాదాలు మీరు పూరించాలి. బల్లమీద ఆడే యుద్ధపు ఆటలో బొబ్బిలి కోట పటం, షట్కోణపు గళ్ళు, అట్టబిళ్ళల దళాలు ఉన్నాయనుకోండి. పక్క గళ్ళ నుంచి దాడిచేసే దళాల బలమంతా కూడి, కాచుకునేవారి బలంతో పోల్చాలి. 12కు 4 అయితే 3:1. భిన్నం వస్తే కాచుకునేవారికి మేలయ్యేలా కుదించాలి. ఫలితాల పట్టికలో నిష్పత్తి నిలువు వరుసను, పాచిక అడ్డు వరుసను చూపుతాయి. మన పట్టికలో పెద్ద అంకె దాడికి మేలు. మరి ఆరు పడ్డవాడు ఎలా ఓడాడు?

గుర్ల మాస్టారు:
కొండ మీది దళము రెండింతలై నిల్వ
మూడు రెట్ల బలము మూలబడెను
పట్టికందు వరుస పక్కకు జరుగంగ
ఆరు పడినవాడె యాట నోడె

నిర్వాహకుడు: కొండ–రెండిం ప్రాసయతి (పాదం మొదటి అక్షరానికి బదులు రెండో అక్షరంతో కుదిర్చే యతిమైత్రి) చక్కగా కుదిరింది, మాస్టారూ. ‘జరుగంగ’ తర్వాత సంధి చేసి ‘నారు’ అనాలి. ‘నా’లోని ‘ఆ’ అచ్చు ఆ–యా యతిని కాపాడుతుంది. లెక్కా సరే: కొండెక్కిన 4 ఎనిమిదవుతుంది, 12:8 కుదిస్తే 1:1. కానీ వరుస జరిగినంత మాత్రాన ఆట పోదు. 1:1లో ఆరు పడితే మన పట్టికలో మారకం. అవతలి 8 పోతుంది, మనదీ 8 పోతుంది. గడి దక్కినా మిగిలిన 4 ఎదురుదాడికి నిలవదు. ఓటమి అక్కడుంది, పద్యంలోకి అది రావాలి. మూడో పాదం ఇలా మారిస్తే?
మారకాన సేన మట్టి గరచి పోవ

గుర్ల మాస్టారు: ఒప్పుకుంటున్నాను. ఆ పాదమే ఉంచండి.

రాజాం పాఠకురాలు:
కోట గోడ కూల్చి కొల్లగొట్టిన గాని
పాపరాయ డొంటి బాకు దాల్చి
రాత్రి డేరలోన రాజును గూల్పంగ
నారు పడినవాడె యాట నోడె

నిర్వాహకుడు: చదవగానే ఒళ్ళు జలదరించింది. 1757 జనవరి 24న కోట పడింది. ఆపైన బొబ్బిలి వీరుడు తాండ్ర పాపారాయుడు, గెలిచిన విజయనగరం రాజు విజయరామరాజును డేరాలోనే చంపాడు. గడి గెలిచి నాయకుడి బిళ్ళను పోగొట్టుకోవడం ఈ ఆటలో నిజంగా ఓటమే. అయితే అమ్మా, పాచిక ఊసు లేకపోతే ‘ఆరు’ గాలిలో వేలాడుతుంది.

రాజాం పాఠకురాలు: నిజమేనండీ. మొదటి పాదం మార్చాను:
పాచికందు గెల్చి ప్రాకారమెక్కియు

నిర్వాహకుడు: పా–ప్రా యతి సరిపోయింది. ఈ పూరణను మొదటి వరుసలో ఉంచుతున్నాను.