అప్‌డేట్: మా ఊరి పాడి రైతులకు శిక్షణ గురించి అడిగాను కదా

మా ఊళ్లో గేదెలు మేపే ఆడవాళ్లకు శిక్షణ ఎక్కడ మొదలుపెట్టాలని అడిగితే, ముందు లెక్కలు రాయడం నేర్పమని ఎక్కువమంది చెప్పారు. మేం మాత్రం పొదుగువాపుతో మొదలుపెట్టాం. అప్పటికి అందరి టెన్షన్ అదే మరి.

పశువుల డాక్టరుగారు కొట్టంలోనే చేసి చూపించారు. పితికాక చనుకట్లను అయోడిన్ ద్రావణంలో ముంచాలి. వెంటనే మేత వేస్తే గేదె ఓ అరగంట పడుకోకుండా నిలబడుతుంది. ఈలోగా చనురంధ్రం మూసుకుంటుంది, పేడలోని క్రిములు లోపలికి పోవు. మేత వేసే వేళ మార్చడమే కాబట్టి దీన్ని అందరూ ఇట్టే అందుకున్నారు.

పాల కేంద్రంలో వెన్న శాతం తక్కువొస్తోందన్న గొడవకూ ఒక కారణం దొరికింది. చివరి ధారల్లోనే వెన్న ఎక్కువ. అవి దూడకు వదిలి మొదటి పాలు కేంద్రానికి పోస్తే రీడింగ్ తగ్గుతుంది. ఇప్పుడు చాలామంది దూడకు ముందే తాగిస్తున్నారు. దాని కడుపు మాత్రం మాడ్చొద్దని ఇంటింటికీ చెబుతున్నాను.

లెక్కలూ మొదలయ్యాయి. వట్టిపోయిన గేదె తినే మేత కూడా పాల ఖర్చులో రాయాలా అని ఒకావిడ అడిగారు. రాయాల్సిందే! ఆ ప్రశ్న దగ్గరే క్లాసంతా నిజంగా కదిలింది. అసలు లాభమెంతో అక్కడే తేలుతుంది.

తర్వాతి క్లాసు గాలికుంటు టీకాల రోజున, దూడల పెంపకం మీద.