కోరింగ మడ అడవిలో చెక్క బాటను ఇంకా పొడిగించాలా?

కాకినాడ వాసి:
కాకినాడ పక్కన కోరింగ అభయారణ్యంలో మడచెట్ల మధ్య వేసిన చెక్క బాట మీద మీలో చాలామంది నడిచే ఉంటారు. ఎక్కుడూ దిగుడూ లేని నడక. పిల్లలూ పెద్దవాళ్లూ ఇబ్బంది పడకుండా తిరిగి రావచ్చు. బాట చిన్నదైపోయిందనీ, ఇంకా లోపలికి పెద్ద చుట్టుగా పొడిగిస్తే ఒక పూటంతా అక్కడే గడపొచ్చనీ మా కాలనీ వాట్సాప్ గ్రూపులో సగం మంది అంటున్నారు. నేను వద్దంటాను. 1978లో ప్రకటించిన ఈ అభయారణ్యం 235 చదరపు కిలోమీటర్లు. అందులో మనకు తెరిచింది కొంచెమే, ఆ కొంచెంలోనే సెలవు రోజున చిప్స్ ప్యాకెట్లు చెట్ల వేళ్లకు చిక్కుకుని కనిపిస్తున్నాయి. మీరేమంటారు?

జగన్నాథపురం టీచర్:
పొడిగించాలి. ఆదివారం అక్కడ అసలు ఇబ్బంది జనం అంతా ఒకే చోట ఇరుక్కోవడం. ముందువాళ్లు ఫోటో కోసం ఆగితే వెనక స్కూలు పిల్లల వరుస మొత్తం ఆగిపోతుంది. దూరం పెరిగితే జనం పలచబడతారు, అరుపులూ తగ్గుతాయి. ఇంకో మాట. మోకాళ్ల నొప్పులున్న మా అమ్మగారు అడవి అంటూ చూసింది ఈ బాట మీదే. కొండలెక్కలేని వాళ్లకు ఇలాంటి చోట్లు మన జిల్లాలో ఎన్ని ఉన్నాయి చెప్పండి? అక్కడ పని చేసే చుట్టుపక్కల ఊళ్లవాళ్లకు నాలుగు డబ్బులు కూడా వస్తాయి కదా.

తాళ్లరేవు కుర్రాడు:
మేడమ్ గారూ, మాది వేట మీద బతికే ఇల్లు. డబ్బుల సంగతి మాకూ పట్టింపే. కానీ బాట వేయడమంటే ఏం జరుగుతుందో దగ్గర నుంచి చూడండి. అక్కడ నేల గట్టిది కాదు, మోకాలి లోతు బురద. ఆ బురదకు గాలి అందదు కాబట్టి తెల్లమడ, నల్లమడ చెట్ల వేళ్లు పైకి పొడుచుకొచ్చి ఊపిరి తీసుకుంటాయి. స్తంభాలు పాతడానికి మనుషులూ సామానూ దిగితే ముందు విరిగేవి అవే. బాట వెడల్పు మేర కొమ్మలు కొట్టాలి. తిల్ల చెట్టు కొమ్మ విరిగితే తెల్లటి పాలు కారతాయి, కంట్లో పడితే చూపుకే ప్రమాదం. మా ఊళ్లో చిన్నపిల్లలకు ముందే చెప్పి ఉంచుతారు.

చేపపిల్ల, రొయ్యపిల్ల పెరిగేది ఈ వేళ్ల మధ్యనే. అవి ఇక్కడ పెరిగితేనే మా వలలో పడేది. 1839 తుపానుకు ఇక్కడి కోరంగి రేవు దెబ్బతిన్న సంగతి పుస్తకాల్లో ఉంది. 1996 నవంబర్ తుపాను మా పెద్దవాళ్లు కళ్లారా చూసిందే, వెయ్యి మందికి పైగా పోయారు. సముద్రానికీ మా ఇళ్లకూ మధ్య ఈ చెట్లు ఉన్నందుకు మాకు ఎంత ధైర్యమో బయటివాళ్లకు చెప్పినా అర్థం కాదు.

ఇంకొకటి, ఎవరూ పట్టించుకోనిది. జనం నీళ్లు నిండుగా ఉన్నప్పుడు వచ్చి "ఏముందిక్కడ, చెట్లే కదా" అని వెళ్లిపోతున్నారు. నీరు తీసినప్పుడు రండి. బురద మీద గెంతే చిన్న చేపలు కనిపిస్తాయి, మొప్పలున్న చేప నేల మీద రెక్కలు ఆనించి పాకుతుంది. ఒక చేయి మాత్రం ఇంత పెద్దగా ఉన్న పీత దాన్ని ఊపుతూ కన్నం ముందు కాపలా కాస్తుంది. తెల్లమడ ఆకు అడుగున వేలితో రాసి నాలుక మీద పెట్టుకోండి, ఉప్పు తగులుతుంది. ఒక్కచోట పావుగంట నిలబడితే ఇవన్నీ చూడొచ్చు. దానికి పొడుగు బాట ఎందుకండీ?

సింగపూర్ తెలుగు:
తమ్ముడు చెప్పింది నిజం. ఇక్కడ సుంగై బులో అనే మడ అడవి ఉంది. 2002లో రక్షిత ప్రాంతం చేశారు, ఇప్పుడు సుమారు 200 హెక్టార్లు. కోరింగ 23 వేల హెక్టార్ల పైమాటే. అంత చిన్న చోట మడచెట్ల మధ్య చెక్క బాట అర కిలోమీటరు దాకా ఉంటుంది, అదీ చుట్టు తిరిగి వచ్చేలా. పిల్లలతో వెళ్తే దానికే గంట పడుతుంది, ఎందుకంటే అడుగడుక్కీ ఏం చూడాలో రాసిన బోర్డులుంటాయి. చిన్న బాటను బాగా చూపించడం మీద డబ్బు పెట్టడమే మేలని నా అభిప్రాయం.

కాకినాడ వాసి:
చట్టం మాటా చెప్పుకోవాలి. తీర ప్రాంత నియంత్రణ నోటిఫికేషన్, 2019 ప్రకారం మడ అడవులు అత్యంత సున్నితమైన కోవలోకి వస్తాయి. మడ అడవుల్లో నడక బాటల్ని అది పూర్తిగా కాదనలేదు. అయితే ఆమోదం పొందిన తీర నిర్వహణ ప్రణాళికలో ఆ చోటు ముందే గుర్తించి ఉండాలి, ప్రజల అభిప్రాయం తీసుకోవాలి. కాబట్టి టీచర్ గారి కోరిక చట్టవిరుద్ధమేమీ కాదు. కాకపోతే బావురు పిల్లి, నీటికుక్క తిరిగే చోటికి రోజంతా జనాన్ని తీసుకెళ్లాలా అన్నదే నా బాధ.

జగన్నాథపురం టీచర్:
వేళ్ల సంగతి విన్నాక లోపలికి పొడిగించమని గట్టిగా అడగలేను. కానీ ఉన్న బాటలో మార్పు కావాలనే అంటాను. చక్రాల కుర్చీ నడిచేలా పలకలు సమంగా ఉండాలి, ఆగి చూసేవాళ్లు పక్కకు తప్పుకునేందుకు అక్కడక్కడా కొంచెం వెడల్పు కావాలి. ఉప్పుగాలికి పాడైన పలక ఒక్కటి ఊగినా పెద్దవాళ్లు మళ్లీ రారు. తాళ్లరేవు తమ్ముడూ, నీరు తీసే వేళలు మా బోటివాళ్లకు తెలిసేదెలా?

తాళ్లరేవు కుర్రాడు:
రోజుకు రెండుసార్లు పోటు, రెండుసార్లు నీరు తీయడం. ఏ రోజుకారోజు ఆ వేళ సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది. అందుకే మొన్నటి టైము ఇవాళ పనికిరాదు. పడవ నడిపేవాళ్లను అడిగితే వేళ్ల మీద లెక్కేసి చెప్తారు. టికెట్ కౌంటర్ దగ్గర ఆ రోజు వేళలు సుద్దముక్కతో రాసిన పలక ఒకటి పెడితే చాలు. ఖర్చు కూడా ఏమీ ఉండదు.

జగన్నాథపురం టీచర్:
అదైతే రేపే పెట్టొచ్చు. అటవీ శాఖకు అర్జీ నేను రాస్తాను, పలకల మరమ్మతు కూడా అందులోనే కలుపుతాను. వెడల్పు విషయంలో మాత్రం మీరెవరూ ఇంకా ఏమీ అనలేదు. వద్దంటే ఎందుకో చెప్పండి.