"ఆజ్ఞలను గైకొనుట" అంటే పాటించడమేనా? (యోహాను 14:15)

ప్రశ్న:
అందరికీ వందనాలు. "మీరు నన్ను ప్రేమించినయెడల నా ఆజ్ఞలను గైకొందురు" అన్న వచనం మీద యువతకు పాఠం చెప్పాలి. "గైకొను" వాళ్లకు తెలియడం లేదు. "పాటించు" అని మార్చి చెబితే అర్థం చెడుతుందా? నిఘంటువులో "కైకొను" కనబడుతోంది, ఏది సరైన రూపం?

జవాబు:
రెండూ సరైనవేనండీ. అసలు రూపం కైకొను. కై అంటే చెయ్యి, కాబట్టి కైకొనడం అంటే చేతికి తీసుకోవడం, స్వీకరించడం. "ఆజ్ఞలను" అన్నది ద్రుతాంతం (నకారంతో ముగిసే మాట) కనుక దాని తర్వాతి పరుషం (క, చ, ట, త, ప) సరళమై (గ, జ, డ, ద, బ) కకారం గకారమైంది. యోహాను 15:10లో "నా ఆజ్ఞలు గైకొనినయెడల" అని ఉంది. అక్కడ ద్రుతం లేదు, అయినా ప్రథమా విభక్తి మీది పరుషానికి గసడదవాదేశం (క, చ, ట, త, పలు గ, స, డ, ద, వలుగా మారడం) వచ్చి మళ్లీ గకారమే అయింది.

"పాటించు" తప్పు కాదు గానీ, మనసు ఒప్పకపోయినా నియమం పాటించవచ్చు. గైకొనడంలో ముందు అందుకోవడం ఉంది, ఆచరణ దాని వెనకాల వస్తుంది. పాఠంలో "స్వీకరించి పాటిస్తారు" అని రెండు క్రియలూ కలిపి చెప్పండి.

మరో జవాబు:
గ్రీకు మూలంలో ఉన్న క్రియ తేరేయో. మత్తయి 27:36లో సైనికులు యేసుకు "కావలి యుండిరి" అన్నచోటా ఇదే క్రియ. అంటే మూలంలో కాపాడుకోవడం, జాగ్రత్తగా చూసుకోవడం అన్న భావం ఉంది. తెలుగు మాటలో అది నేరుగా వినిపించదు, విడిగా చెప్పాలి.

క్రియారూపం కూడా గమనించండి. "గైకొనుడి" అనలేదు, "గైకొందురు" అన్నారు. కొన్ని గ్రీకు ప్రతుల్లో ఆజ్ఞార్థకం ఉంది గానీ మన తెలుగు పాఠంలో ఉన్నది భవిష్యత్తు. ప్రేమ ఉన్నచోట విధేయత పుడుతుందని దాని అర్థం. దీన్ని తలకిందులు చేసి "లోబడితేనే ప్రభువు ప్రేమిస్తాడు" అని పిల్లలకు నేర్పితే భయం పెరుగుతుంది, భక్తి పెరగదు.

ప్రశ్న:
మరి 15:10లో "గైకొనినయెడల నా ప్రేమయందు నిలిచియుందురు" అని వరుస మారింది కదండీ?

జవాబు:
ఒక్క వచనం వెనక్కి వెళ్లండి. 15:9లో "నేనును మిమ్మును ఆలాగు ప్రేమించితిని" అని ముందే చెప్పేశారు. పదో వచనం ప్రేమను సంపాదించడం గురించి కాదు, అందులో నిలవడం గురించి. "నిలిచి" అన్న మాటను వదిలి చదివితే ఈ చిక్కు వస్తుంది.

ఇంకొకరి జవాబు:
ఈ క్రియకు పాత నిబంధనలో గట్టి ఉదాహరణ 1 సమూయేలు 15. అమాలేకీయులను పశువులతో సహా నాశనం చేయమన్న ఆజ్ఞ రాజైన సౌలుకు ప్రవక్త సమూయేలు ద్వారా వస్తుంది, సౌలు మంచి పశువులను మిగుల్చుకుంటాడు. అయినా "యెహోవా ఆజ్ఞను నేను నెరవేర్చితిని" అంటాడు (13). గొర్రెల అరుపులూ ఎడ్ల రంకెలూ ఎక్కడివని సమూయేలు అడుగుతాడు (14). అవి బలి కోసమంటాడు సౌలు (15). అప్పుడొస్తుంది ఆ మాట: "బలులు అర్పించుటకంటె ఆజ్ఞను గైకొనుటయు, పొట్టేళ్ల క్రొవ్వు అర్పించుటకంటె మాట వినుటయు శ్రేష్ఠము" (22). 24లో సౌలు తన నోటితోనే "జనులకు జడిసి వారి మాట వినినందున" అని ఒప్పుకుంటాడు. వినడం అతనికి చేతకాక కాదు, ఎవరి మాట వినాలో అక్కడ తప్పాడు. హెబ్రీలో షామా అంటే వినడమూ లోబడడమూ. తెలుగులో "మాట వినడు" అంటే చెవిటివాడని ఎవరూ అనుకోరు గనుక ఈ అర్థం మనకు తేలిగ్గా అందుతుంది. యువతకు ఈ అధ్యాయమే చదివించండి. సగం చేసి మొత్తం చేశామనుకోవడం, ఆ సగానికి భక్తి రంగు పూయడం ఇందులో పూర్తిగా బయటపడతాయి.

ప్రశ్న:
వినడం నుంచి చేయడానికి వాళ్లను ఎలా తీసుకురావాలి?

జవాబు:
వాక్యభాగం చదివాక అందులోని క్రియాపదాలు రాయించండి. ఏది ఆజ్ఞ, ఏది వాగ్దానం, ఏది జరిగిన సంగతి అని విడదీయించండి. వాగ్దానాన్ని ఆజ్ఞగా చదివితే నిరాశ, ఆజ్ఞను వాగ్దానంగా చదివితే సోమరితనం. తర్వాత ఒక్క ఆజ్ఞనే ఎంచుకోనివ్వండి. అయిదారు ఎత్తుకుంటే అన్నీ జారిపోతాయి. ఎవరితో, ఎప్పటిలోగా అన్నది రాయించండి. "అందరితో ప్రేమగా ఉంటాను" అని రాస్తే చేశారో లేదో వాళ్లకే తెలియదు. ఎఫెసీయులకు 4:26లో కోపానికి సూర్యాస్తమయం గడువుగా ఉంది. మత్తయి 5:24లో "మొదట" సహోదరునితో సమాధానం, "అటు తరువాత" అర్పణ అని వరుస ఉంది. ఇలాంటి వచనాలతో మొదలుపెడితే పని సులువు.

ఎదుగుదల గురించి హెబ్రీయులకు 5:12-14 చూపండి. "కాలమునుబట్టి చూచితే" బోధకులు కావలసినవారు ఇంకా పాలు తాగుతున్నారు. ఏళ్లు గడిచాయి, ఎదగలేదు. "అభ్యాసముచేత" సాధకమైనవారికే బలమైన ఆహారం. అక్కడ గ్రీకు క్రియ వ్యాయామానికి వాడేదే. అందుకే వచ్చే వారం కొత్త పాఠానికి ముందు, రాసుకున్న ఆ ఒక్కటీ ఏమైందో అడగండి. చేయలేకపోయినవాళ్లను మందలించకుండా ఎక్కడ ఆగిపోయారో కనుక్కొని, అదే వచనం ఇంకో వారం ఉంచండి.